కనీస వేతనం పెరిగితే టిఫిన్ సెంటరుకు ఏమవుతుంది, బీడీ కార్మికురాలికి ఏమందుతుంది

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. హన్మకొండలో ఎనిమిది మంది పనివాళ్ళతో టిఫిన్ సెంటర్ నడుపుతున్నారు కనుక, కనీస వేతనం పెరిగితే మీలాంటి చిన్న వ్యాపారం తట్టుకుంటుందా అన్నది మొదటిది. కోరుట్ల దగ్గరి ఊళ్ళో పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చుడుతున్న మీ అమ్మగారికి, ఇన్నిసార్లు రేటు పెరిగిందని విన్నా చేతికొచ్చే డబ్బు ఎందుకు పెరగలేదన్నది రెండోది. ఒకే ఇంట్లో యజమానీ కార్మికురాలూ ఉన్న మీకు ఒక పక్షం వాదన వినిపించి లాభం లేదు. నేను హన్మకొండలో చాలాకాలంగా వేతన చట్టాల వ్యవహారాలు చూసే వృత్తిలో ఉన్నాను. దుకాణాలకు, మిల్లులకు జీతాల రిజిస్టర్లు రాసిపెట్టాను, తక్కువ కూలి అందిన వాళ్ళకు క్లెయిము దరఖాస్తులూ నింపిపెట్టాను. ఆ రెండు పనుల్లోనూ నాకు బోధపడిన సంగతి ఇది: మన దగ్గర చిన్న యజమానిని కుంగదీస్తున్నది వేతనం పెరగడం కన్నా ఎక్కువగా, ఏళ్ళ తరబడి పెంచకుండా ఉంచి ఒక్కసారిగా పెంచే పద్ధతి, కార్మికుడిని దెబ్బతీస్తున్నది రేటు తక్కువగా ఉండటం కన్నా ఎక్కువగా, ఆ రేటుకూ చేతికందే డబ్బుకూ మధ్య జరిగే కోతలు. మిగిలినదంతా ఈ రెండింటి వివరణే.

ముందుగా చట్టం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం భయాలు చట్టం ఏమంటుందో తెలియకపోవడం వల్లనే వస్తాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూలులో ఉన్న ఒక్కో రంగానికి విడివిడిగా రేటు నిర్ణయించేది, అయిదేళ్ళకు మించకుండా దాన్ని సమీక్షించాల్సి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దీని కింద షెడ్యూలు రంగం, షెడ్యూలులో లేని రంగం అనే తేడా పోయింది. ఏ పని చేయించుకునే యజమాని అయినా కనీస వేతనం ఇవ్వాల్సిందే. కేంద్రం ఒక నేల వేతనం నిర్ణయిస్తుంది, రాష్ట్రాల రేటు దానికన్నా తక్కువ ఉండకూడదు. సమీక్షకు అయిదేళ్ళ గడువు ఇందులోనూ ఉంది. తక్కువ చెల్లించిన కూలి కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి పాత చట్టంలో ఆరు నెలల గడువే ఉండేది, కొత్త కోడ్‌లో అది మూడేళ్ళయింది. ఈ ఒక్క మార్పు మీ అమ్మగారి వంటివాళ్ళకు పెద్ద మేలు, ఎందుకంటే ఆరు నెలల్లో తనకు అన్యాయం జరిగిందని తెలుసుకుని, కాగితాలు కూడగట్టుకుని, జిల్లా కేంద్రం దాకా రావడం ఊళ్ళో ఉండే మహిళకు ఎంత కష్టమో నేను చూశాను.

ఎంత ఇవ్వాలన్న దానికి కూడా ఒక లెక్క ఉంది. 1957లో జరిగిన పదిహేనవ భారత కార్మిక సదస్సు, కార్మికుడి కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా, అంటే ముగ్గురు పెద్దల ఖర్చుగా తీసుకుని, ఒక్కొక్కరికి రోజుకు 2700 కేలరీల తిండి, ఏడాదికి కుటుంబానికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె విడిగా, వంటచెరకు, దీపం తదితర ఖర్చులకు మొత్తంలో 20 శాతం అని కొలత పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండుగపబ్బాలు, ముసలితనపు అవసరాల కోసం మరో 25 శాతం చేర్చాలంది. ఈ కొలతను పూర్తిగా లెక్కగట్టి ఇచ్చిన రేటు మన ప్రాంతంలో అన్ని పనులకూ అమల్లో ఉన్నట్టు నేను ఎక్కడా చూడలేదు. కేంద్రం నియమించిన అనూప్ సత్పతి కమిటీ 2019లో, 2018 జూలై ధరల ప్రకారం రోజుకు 375 రూపాయలు జాతీయ కనీస వేతనంగా ఉండాలని సిఫారసు చేస్తే, ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన నేల స్థాయి 178 రూపాయలు. నిపుణుల లెక్కకూ ప్రకటనకూ మధ్య అంత దూరం ఉంది.

యజమాని స్తోమతు మాట కూడా కోర్టుల్లో తేలిపోయింది. 1957లో క్రౌన్ అల్యూమినియం కేసులోనూ, 1961లో ఉనిచోయి కేసులోనూ సుప్రీంకోర్టు, కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని ఇచ్చుకోగలడా లేడా అన్నది చూడనవసరం లేదని స్పష్టం చేసింది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల) కార్మికుల కేసులో ఇంకా ముందుకు వెళ్ళి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని చెప్పింది. వెట్టికి వ్యతిరేకంగా తరాల పాటు కొట్లాడిన తెలంగాణలో ఆ తీర్పును నేను చట్టం పుస్తకంలోని ఒక పేజీగా మాత్రమే చదవలేను. అయితే స్తోమతు చూడనవసరం లేదని కోర్టు అన్నంత మాత్రాన స్తోమతు లేని యజమాని కష్టం మాయమైపోదు. కోర్టు చెప్పింది హక్కు గురించి; దుకాణం లెక్క వేరే సంగతి, అది ఇప్పుడు చూద్దాం.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీలాంటి ఒక సెంటరులో ఎనిమిది మందికి సగటున రోజుకు 450 రూపాయల కూలి పడుతుందనుకుంటే రోజు కూలి ఖర్చు 3,600. రోజు అమ్మకం 14,400 అనుకుంటే కూలి దానిలో నాలుగో వంతు. మిగిలినది పప్పు, బియ్యం, నూనె, గ్యాస్, అద్దె, కరెంటు, మీ రాబడి. ఇప్పుడు వేతనం పది శాతం పెరిగితే అదనపు ఖర్చు రోజుకు 360 రూపాయలు, అంటే అమ్మకంలో రెండున్నర శాతం. 40 రూపాయల దోసె మీద ఆ భారం సరిగ్గా ఒక రూపాయి. వేతనాలు పది శాతం పెరిగితే ధరలూ పది శాతం పెంచాలని, గిరాకీ పోతుందని అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే. వేతనం మీ ఖర్చుల్లో ఒక భాగం మాత్రమే. నూనె ధర ఒక్కసారి ఎగిసినప్పుడు మీరు ఏ అర్జీ లేకుండానే బోర్డు మీద రేటు మార్చి ఉంటారు, గిరాకీ కూడా సర్దుకుని ఉంటుంది. పైగా ఈ పెంపు మీ పక్క సెంటరుకూ, ఎదుటి సెంటరుకూ అదే రోజు వర్తిస్తుంది. మీ ఒక్కరి ఖర్చే పెరిగి పక్కవాడిది పెరగకపోతేనే గిరాకీ అటు పోయే ప్రమాదం.

ఇదే విషయం వేరే దేశాల అనుభవంలోనూ తేలింది. హంగరీలో 2001, 2002 సంవత్సరాల్లో కనీస వేతనాన్ని భారీగా పెంచినప్పుడు ఆ భారంలో సుమారు నాలుగింట మూడు వంతులు ధరల రూపంలో కొనుగోలుదారుల మీదికి వెళ్ళిందని, మిగిలిన పావు యజమానుల లాభంలోంచి పోయిందని ఆర్థికవేత్తలు హరాస్‌టోసి, లిండ్నర్ లెక్కతేల్చారు. ఉద్యోగాలు పోయింది తక్కువే, కాని పోయినవి ఎక్కువగా బయటి సరుకుతో పోటీపడే ఉత్పత్తి సంస్థల్లో పోయాయి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ పక్కనున్న పెన్సిల్వేనియాతో పోల్చి చూస్తే ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఉద్యోగాలు తగ్గినట్టు కనిపించలేదు. ఆ ఫలితంతో విభేదించిన పరిశోధకులు ఉన్నారు, చర్చ చాలా ఏళ్ళు నడిచింది. 2021లో కార్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చిన కృషిలో ఇదీ భాగమే. అక్కడి అంకెలను తెచ్చి ఇక్కడ అతికించడం సరికాదు గాని, హంగరీ ఫలితంలో ఉన్న తేడా మాత్రం మన ఉత్తర తెలంగాణకు అక్షరాలా వర్తిస్తుంది. ఇడ్లీ మహారాష్ట్రలోని భివండి నుంచి హన్మకొండకు రాదు, గుడ్డ వస్తుంది.

అందుకే సిరిసిల్ల సంగతి మీ సెంటరు సంగతిలా ఉండదు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద నేసే గుడ్డ భివండి, మాలేగావ్, ఇచల్‌కరంజి, ఈరోడ్ గుడ్డతో ఒకే మార్కెట్లో పోటీపడాలి. అక్కడ నూలు యజమాని ఆసామికి, అంటే కొద్ది సాంచాలున్న చిన్న యజమానికి, బీములు (నూలు చుట్టిన దిమ్మెలు) ఇస్తాడు, ఆసామి తన సాంచాల మీద కార్మికుడితో నేయించి మీటరుకింత చొప్పున తీసుకుంటాడు, అందులోంచి కార్మికుడికి ఇస్తాడు. కాగితం మీద కార్మికుడికి యజమాని ఆసామే. కాని అతను నూలు ధరనూ నిర్ణయించలేడు, గుడ్డ ధరనూ నిర్ణయించలేడు. కార్మికుడి రేటు పెంచి, ఆసామికి ఇచ్చే మీటరు రేటు పెంచకపోతే ఆ భారమంతా మధ్యలో ఉన్న ఆసామి మీద పడుతుంది, ఆసాముల్లో చాలామంది నిన్నటి దాకా సాంచా నడిపిన కార్మికులే. అందువల్ల అక్కడ కూలి ఒప్పందాలు ముగ్గురూ కూర్చుంటేనే నిలబడతాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్ల కాలం ఇందుకు మంచి పాఠం: కొనేది ప్రభుత్వమైనప్పుడు, మీటరు ధరలోనే కూలి వాటా ఎంతో ముందే నిర్ణయించే వీలు ఉంటుంది, అప్పుడు వేతనం పెంపు గొలుసు చివరి దాకా చేరుతుంది. బహిరంగ మార్కెట్ గుడ్డకు ఆ వీలు లేదు. అక్కడ పెంపు మరీ పెద్దదై, పోటీ రాష్ట్రాల్లో అలాంటి పెంపు లేకపోతే సాంచాలు ఆగే ప్రమాదం నిజమే, దాన్ని కార్మిక సంఘాలవాళ్ళు తేలికగా తీసుకోకూడదు. జాతీయ స్థాయిలో గట్టి నేల వేతనం అవసరమని నేను అనేది కూడా ఇందుకే. భివండిలోనూ అదే నేల ఉంటే సిరిసిల్ల కార్మికుడి కూలి పెంచినందుకు సిరిసిల్ల నష్టపోదు.

ఇక వేతనం పెంచితే యజమానులు మనుషులను తగ్గించేస్తారన్న వాదన. పాఠ్యపుస్తకంలో ఇది సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో కార్మికుడు నచ్చకపోతే పక్క యజమాని దగ్గరికి వెళ్తాడు, కాబట్టి అందరూ దాదాపు న్యాయమైన కూలే ఇస్తున్నారన్న ఊహ ఉంటుంది. మీ అమ్మగారి ఊరికి ఆ ఊహ పొసగదు. ఊరికి ఒకటో రెండో కార్ఖానాలు, ఒకరికొకరు తెలిసిన ఠేకేదారులు (కంపెనీ తరఫున బీడీలు చుట్టించే మధ్యవర్తులు), పిల్లలనూ పశువులనూ వదిలి పక్క మండలానికి వెళ్ళి పని చేయలేని మహిళలు. కొనేవాడు ఒక్కడే అయితే సరుకు ధర అతను చెప్పిందే అవుతుంది. పని కొనేవాడు ఒక్కడే అయితే కూలి కూడా అంతే. 1933లోనే జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త ఈ పరిస్థితిని విడమరచి చెప్పింది. అటువంటి చోట కూలి కార్మికురాలి శ్రమ విలువ కన్నా కిందనే ఆగి ఉంటుంది కాబట్టి, కొంతమేర పెంచినా పని తగ్గనవసరం లేదు, ఒక్కోసారి ఎక్కువమంది పనికి వస్తారు కూడా.

దీనికి మన ప్రాంతపు రుజువే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని స్మార్ట్‌కార్డుల ద్వారా సక్రమంగా చెల్లించే పద్ధతిని మండలాల వారీగా లాటరీ వేసి విడతలుగా ప్రవేశపెట్టినప్పుడు, కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాల్లో దాని ఫలితాన్ని కొలిచారు. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ కూడా అందులో ఉన్నాయి. పథకం బాగా అమలైన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం దాకా పెరిగింది, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చిన రాబడి. రైతుల దగ్గర, ఇతర యజమానుల దగ్గర కూలి రేటు పెరిగింది, అయినా ప్రైవేటు పని తగ్గలేదు, పెరిగింది. ఇది కనీస వేతనం పెంపు మీద జరిగిన పరిశోధన కాదన్నది గుర్తుంచుకోవాలి. కాని కూలి పెరిగితే ఊళ్ళో పని ఎండిపోతుందన్న భయానికి మన మండలాల్లోనే దొరికిన జవాబు కాబట్టి, దీనికి నేను న్యూజెర్సీ కన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

అయితే మీ అమ్మగారి చేతికి డబ్బు ఎందుకు పెరగలేదు? బీడీలకు రేటు వెయ్యికి ఇంత అని ఉంటుంది. మళ్ళీ లెక్క కోసమే అనుకుందాం: వెయ్యికి 250 రూపాయలు, ఆమె రోజుకు 800 బీడీలు చుడతారు, కంపెనీ నెలకు 15 రోజుల పని ఇస్తుంది. రోజుకు 200, నెలకు 3,000. ఇప్పుడు రేటు 270కి పెరిగింది. అదే పదిహేను రోజులైతే 3,240 రావాలి. కంపెనీ పని దినాలను 13కు తగ్గిస్తే వచ్చేది 2,808. రేటు ఎనిమిది శాతం పెరిగింది, రాబడి ఆరు శాతానికి పైగా తగ్గింది. కాగితం మీద ఎవరూ చట్టాన్ని అతిక్రమించలేదు. ఇంకా సూక్ష్మంగా జరిగే కోతలు కొన్ని ఉన్నాయి. వెయ్యి బీడీలకు సరిపడా తునికాకు ఇవ్వకుండా కొంచెం తక్కువ తూచి ఇస్తారు, ఆ తక్కువను ఆమె బజారులో కొని పూడ్చాలి. నాణ్యత లేదని తీసేసిన బీడీలకు కూలి ఉండదు, కాని ఆ బీడీలు తిరిగి ఆమెకు రావు. వెయ్యి మీద కొన్ని అదనంగా తీసుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది. కార్డు ఒకరి పేరు మీద, చుట్టేది ఇద్దరు ముగ్గురు కావడం వల్ల పీఎఫ్ ఒకరికే జమ అవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ జీవోలో కనిపించదు, అందుకే రేటు పెంపు వార్త విని సంతోషించిన ఇంట్లో నెలాఖరుకు ఆ సంతోషం ఉండదు.

బీడీ కంపెనీల మీద వేరే ఒత్తిళ్ళు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. 2016 ఏప్రిల్ నుంచి కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయింది, 2017లో జీఎస్టీ వచ్చింది, తాగేవాళ్ళూ తగ్గుతున్నారు. ఆరోగ్యం దృష్ట్యా తగ్గడమే మంచిది. కాబట్టి నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో పని దినాలు తగ్గడానికి కారణం వేతనం పెంపే అని ఎవరైనా చెబితే నేను నమ్మను. గిరాకీ తగ్గుతున్న సరుకుకు పని తగ్గుతుంది. ఇక్కడ కనీస వేతనంతో పాటు ఆ మహిళలకు వేరే పని చూపించడం, 2015 నుంచి ఇస్తున్న జీవన భృతి వంటి ఆసరా కొనసాగించడం, రెండూ కావాలి. ఉన్న పనిలో మాత్రం అడగాల్సిన ముఖ్యమైన రక్షణ ఒకటుంది: మామూలు వేగంతో పని చేసే మనిషి ఎనిమిది గంటల్లో చుట్టగలిగిన బీడీల మీద వచ్చే కూలి, అదే పనికి నిర్ణయించిన రోజు వేతనం కన్నా తగ్గకుండా వెయ్యి రేటును లెక్కకట్టాలి. ముక్కరేటు, అంటే చేసినంత పనికి ఇంత అని కూలి పెట్టే ప్రతి పనికీ ఇదే న్యాయం వర్తించాలి. పత్తి తీసే కూలికీ, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తా లెక్కన మోసే హమాలీకీ, సాంచా మీద మీటరు లెక్కన నేసేవాడికీ.

మళ్ళీ మీ సెంటరుకు వద్దాం. మీరు రోజుకు 500 ఇస్తున్నాననీ, అది కనీస వేతనం కన్నా ఎక్కువే అనీ రాశారు. కాని పొద్దున అయిదింటికి మొదలై రాత్రి దాకా, మధ్యలో విశ్రాంతి తీసేస్తే పన్నెండు గంటల పని ఉంటుందని కూడా రాశారు. కనీస వేతనం ఎనిమిది గంటల పనికి. ఆపై ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. అంటే పన్నెండు గంటల పనికి ఎనిమిది మామూలు గంటలు, నాలుగు రెట్టింపు గంటలు కలిసి పదహారు గంటల కూలి రావాలి. 500ను ఆ లెక్కన విడదీస్తే ఎనిమిది గంటలకు మీరు ఇస్తున్నది 250 మాత్రమే. ఈ మాట మిమ్మల్ని నొప్పించాలని రాయడం లేదు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ హోటళ్ళలో అత్యధికం ఇలాగే నడుస్తున్నాయి, చాలామంది యజమానులు నిజాయితీగానే తాము ఎక్కువ ఇస్తున్నామని నమ్ముతున్నారు. భోజనం, పడక ఇస్తున్నాం కదా అంటారు. కొత్త కోడ్ ప్రకారం వస్తురూపంలో ఇచ్చినదాన్ని వేతనంలో లెక్కించే హద్దు మొత్తం వేతనంలో 15 శాతం.

దీనికి దారి కూడా ఆ లెక్కలోనే ఉంది. మీ ఎనిమిది మంది నాలుగేసి గంటలు అదనంగా చేస్తే మొత్తం 32 గంటలు, అంటే నలుగురి పూర్తి రోజు పని. రెట్టింపు చొప్పున ఆ గంటలకు మీరు ఎనిమిది మంది కూలి ఇవ్వాలి; కొత్తగా నలుగురిని పెట్టుకుంటే నలుగురి కూలే. టిఫిన్ సెంటరుకు గిరాకీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాబట్టి మనుషులను రెండు జట్లుగా విడదీయడం మీకు కష్టం కాదు. పని గంటల నియమం సరిగ్గా అమలైతే వేతన చట్టం పనులు పోగొట్టడం అటుంచి పెంచుతుందన్నది నా గట్టి అభిప్రాయం, హన్మకొండ హోటళ్ళ లెక్కలు చూసిన తర్వాత ఏర్పడినది.

మీరు దిగులుపడుతున్న మరో సంగతి దోసె మాస్టర్. అతనికి ఇప్పటికే కనీస వేతనానికి రెట్టింపు దాకా ఇస్తున్నారు, పెంపు అతనికి వర్తించదు. కాని గిన్నెలు కడిగే మనిషి జీతం పెరిగితే అతను తన తేడా తగ్గిందని అడుగుతాడు, అడగడం సహజం. అతనికి అంతే శాతం పెంచాల్సిన చట్టబాధ్యత లేదు, అయినా కొంత పెంచడం మంచిది. మాస్టర్ వెళ్ళిపోతే పోయేది అతనికి ఇచ్చిన అడ్వాన్సు ఒక్కటే కాదు. కొత్త మాస్టర్ చేయి కుదిరేదాకా రుచి మారుతుంది, గిరాకీ తగ్గుతుంది. అడ్వాన్సులు ఇచ్చి మనుషులను కట్టిపడేసే పద్ధతి కన్నా నెలనెలా సరైన జీతం ఇచ్చే చోట మనుషులు నిలుస్తారన్నది నేను రాసిన రిజిస్టర్లలోనే కనిపించింది: పేర్లు తరచుగా మారే పుస్తకాలు, ఏళ్ళ తరబడి అవే పేర్లుండే పుస్తకాలు పక్కపక్కన పెడితే తేడా జీతం కాలమ్‌లోనే ఉండేది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. మన రాష్ట్రంలో కనీస వేతనం అంటే మూల వేతనం, దానిపై కరువు భత్యం. భత్యం ధరల సూచీ ప్రకారం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఈ చిన్నచిన్న పెంపులు ఏ యజమానినీ ముంచవు. ముంచేది మూల వేతనం సవరణ. తెలంగాణ ఏర్పడిన తర్వాత కూడా చాలా రంగాల మూల వేతనం ఉమ్మడి రాష్ట్రం నాటి జీవోల మీదే ఏళ్ళ తరబడి నడిచింది. 2021 జూన్‌లో అయిదు రంగాలకు సవరణ ఉత్తర్వులు వెలువడినా అవి గెజెట్‌లో అచ్చు కాకపోవడంతో అమలు కాలేదు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ఇలా ఆగిన ప్రతి ఏడాదీ కార్మికుడు నష్టపోతాడు, యజమాని ఆ తక్కువ కూలికి అలవాటుపడి ధరలు, అద్దె ఒప్పందాలు, అప్పుల కిస్తీలు అన్నీ దాని మీదే కట్టుకుంటాడు. చివరికి సవరణ వచ్చినప్పుడు అది ముప్పై, నలభై శాతం పెంపులా కనిపిస్తుంది. పైన వేసిన దోసె లెక్కలోనే నలభై శాతం పెట్టి చూడండి: అదనపు ఖర్చు 1,440, అంటే అమ్మకంలో పది శాతం, దోసెకు నాలుగు రూపాయలు. ఒక్క ఉదయాన వచ్చే ఆ భారం వేరు, అదే మొత్తం అయిదేళ్ళలో విడతలుగా వచ్చి ఉంటే మీరు గమనించనైనా గమనించి ఉండేవారు కాదు. సవరణను వాయిదా వేయించడానికి తిరిగే వ్యాపార సంఘాలు తమ చిన్న సభ్యులకు మేలు చేస్తున్నామనుకుంటాయి. నా దృష్టిలో ఆ ఆలస్యమే చిన్న సభ్యుడికి అన్నిటికన్నా ప్రమాదం.

ప్రభుత్వం తానే పని చేయించుకునే చోట ఈ బాధ ఇంకా తీవ్రంగా ఉంటుంది. మున్సిపాలిటీల్లో పారిశుద్ధ్యం, ఆసుపత్రుల్లో శుభ్రత, కాపలా పనులు ఏజెన్సీల ద్వారా నడుస్తాయి. టెండరులో ధర ఒకసారి నిర్ణయమైపోతే, మధ్యలో వేతనం పెరిగినప్పుడు ఏజెన్సీ మనుషులను తగ్గిస్తుంది, లేదా జీతాలు ఆపుతుంది. ఒక ఏజెన్సీ బ్యాంకులో పూర్తి జీతం వేసి కొంత నగదుగా తిరిగి తీసుకున్న వ్యవహారం నా దగ్గరికే వచ్చింది. వేతనం ఎప్పుడు మారితే అప్పుడు బిల్లు మారుతుందన్న షరతు టెండరులోనే రాయాలి. అంతకు మించి దీనికి పరిష్కారం నాకు కనబడదు.

పెంపు వల్ల నష్టపోయేవాళ్ళు అసలు లేరని మాత్రం నేను చెప్పను. రైస్ మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో బస్తా మోసే పనికి బదులు యంత్రం పెట్టాలా అని యజమాని ఆలోచిస్తున్నప్పుడు కూలి పెంపు ఆ నిర్ణయాన్ని ముందుకు జరుపుతుంది. అప్పుడు ముందుగా పని పోయేది వయసు మళ్ళిన హమాలీకి. అతనికి పింఛను, ఈఎస్ఐ, పీఎఫ్ డబ్బు సక్రమంగా అందేలా చూడటం వేతనం పెంపులో భాగంగానే జరగాలి. పెంపు వద్దనడానికి అతన్ని కారణంగా చూపడం న్యాయం కాదు, ఎందుకంటే కూలి తక్కువగా ఉన్న రోజుల్లోనూ అతని ముసలితనం గురించి ఎవరూ ఏర్పాటు చేయలేదు.

మీరు ఇప్పుడే చేయదగిన పనులు చెబుతాను. ఎనిమిది మందికీ హాజరు, పని గంటలు, ఇచ్చిన జీతం ఒక పుస్తకంలో రాయండి, జీతం బ్యాంకులో వేయండి, చీటీ ఇవ్వండి. రేపు వివాదం వస్తే ఇవి కార్మికుడికెంత రక్షణో మీకూ అంతే. ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో కరువు భత్యం మారినప్పుడే మీ రేట్ల బోర్డును కూడా ఒకసారి చూసుకుని, అవసరమైతే రూపాయో రెండో సవరించండి. కొత్త జట్టును ఒకేసారి నలుగురితో మొదలుపెట్టలేకపోతే సాయంత్రపు పనికి ఇద్దరితో మొదలుపెట్టండి.

అమ్మగారి విషయంలో, మొదట ఆమె కార్డు లేదా పాస్‌బుక్‌లో ప్రతి వారం ఇచ్చిన ఆకు, తంబాకు తూకం, తీసుకున్న బీడీలు, తీసేసిన బీడీలు ఠేకేదారుతోనే రాయించండి. అతను రాయకపోతే మీరే తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి, అలాంటి పుస్తకాన్ని అధికారులు పక్కన పెట్టేయరు. పీఎఫ్ ఖాతాలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి, ఎందుకంటే రేపు పింఛను ఆగేది సాధారణంగా అక్కడే. వెయ్యి రేటు తక్కువగా ఇచ్చినట్టు తేలితే మూడేళ్ళ గడువు లోపల జగిత్యాలలోని కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆమె ఒక్కరి పేరు మీద కాకుండా అదే కార్ఖానాలో చుట్టే మరికొందరి సంతకాలతో కలిపి ఇస్తే, పని ఆపేస్తారన్న భయం ఒక్కరి మీద పడదు.